టీచరుగారు తిన్న అన్నం

నాకు రాయడం రాదండి. ఐదో తరగతి దాకా చదివాను, అందులో సగం రోజులు మా చెల్లిని చంకన వేసుకునే గడిపాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడబాటే. మా అమ్మాయి సరిచేసి పెడతానంది గాని వద్దన్నాను. అది సరిచేస్తే బాగానే ఉంటుంది, నేను చెప్పినట్టు ఉండదు. కాబట్టి ఇందులో తప్పులన్నీ నావే. బియ్యంలో రాయి కనబడితే ఏరి పక్కన పెట్టుకుంటాం గాని చేట విసిరికొట్టం కదా. అలాగే చదువుకోండి.

టీచరుగారు ప్రభువునందు నిద్రించాక మా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. అంతటి ఉపవాసపరురాలిని మన ప్రాంతంలోనే చూడలేదని ఒకరు, మెతుకు ముట్టకుండా మనందరి భారాలు మోసిన తల్లి అని ఇంకొకరు. చివర్న పాస్టరుగారు, చర్చి పత్రికలో ఆవిడ గురించి వేస్తాం, తెలిసినవాళ్ళు నాలుగు ముక్కలు రాసివ్వండి అన్నారు. ఆవిడ ఉపవాసాల గురించి అందరూ చెప్పారు. ఆవిడ అన్నం తినడం గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ అన్నం ముందు ఎదురుగా కూర్చున్నదాన్ని నేను. అందుకని రాస్తున్నాను.

పేరు రాయను. మా ఊళ్ళో ఆవిడ అందరికీ టీచరుగారే. మా ఊరు కొవ్వూరు దాటాక, గోదారి గట్టు దగ్గర. భర్త చిన్నతనంలోనే పోయారు, పిల్లలు లేరు. ఒక తమ్ముడు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తారు. ఇంతకంటే చరిత్ర నాకు తెలియదు. నాకు తెలిసింది ఆవిడ చేతులు, మాటలు, కంచం.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేను. పిల్లలకి పెట్టేముందు టీచర్లలో ఒకరు రుచి చూడాలని రూలు. ఆ పని టీచరుగారు తీసుకున్నారు. గరిటెడు పప్పు అరచేతిలో వేయించుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకునేవారు. "ఉప్పు తగ్గింది దీవెనా. చింతపండు సరిపోయింది" అనేవారు. ఆ తర్వాత కుళాయి కింద చెయ్యి కడిగేసుకునేవారు. నాలిక మీద చుక్క పడేది కాదు. అయినా ఆవిడ చెప్పింది తప్పేది కాదు. వాసన చూసి ఉప్పు చెప్తారండి మా టీచరుగారు అని పక్క ఊరి బడిలో వంటామె దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని.

పొద్దున్నే గేటు దగ్గర కనబడగానే కూర సంగతి అడిగేవారు.

"రాత్రి ఏం వండావు?"

"వంకాయండి."

"వంకాయ ఏం చేశావు? కారం పెట్టావా, పులుసా?"

"అల్లం పచ్చిమిర్చి కారం పెట్టానండి."

"లేతవేనా? నూనె పైకి తేలిందా?"

"ఆయ్, తేలిందండి. మా ఆయన గిన్నె నాకేశాడు."

అప్పుడు నవ్వేవారు. నవ్వి, కాసేపు అలాగే నిలబడేవారు, గొంతులోంచి ఏదో దిగుతున్నట్టు. ఇంత చదువుకున్నావిడ నా కూర గురించి ఇంత శ్రద్ధగా అడుగుతున్నారని మురిసిపోయేదాన్ని. చెవులతో తింటున్నారని ఎవరికి తెలుసు?

రోళ్ళు పగిలే ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టు, పైన స్వెట్టరు. జాకెట్టుకి రెండు పక్కలా పిన్నీసులు. మాట్లాడుతూ మాట్లాడుతూ బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు చుట్టూ పట్టుకునేవారు. వేళ్ళు కలిస్తే ముఖం తేటపడేది. అది ప్రార్థనలో కూడా చేసేవారు. చర్చిలో ప్రేమవిందు పెడితే గరిటె ఆవిడ చేతిలోనే ఉండేది. "ఇంకొంచెం వెయ్యనా? సిగ్గుపడకండి" అని బంతి అంతా తిరిగేవారు. మీరు కూర్చోండి టీచరుగారూ అంటే, "మీరు కానివ్వండి, నాదేముంది" అనేవారు. ఎవరైనా బలవంతాన కూర్చోబెడితే అన్నం కంచం అంతా పలచగా పరిచి, మధ్యలో దారులు గీసి, సగం తిన్నట్టు చేసి లేచిపోయేవారు.

మా ఆడవాళ్ళకి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పొద్దున చర్చిలో చాపలు పరుచుకుని కూర్చుంటాం, మధ్యాహ్నం మూడింటికి సగ్గుబియ్యం జావతో ఉపవాసం విడుస్తాం. మేం జావ తాగుతుంటే టీచరుగారు, "నాకు ఇంకో భారం ఉంది, నేను సాయంత్రం దాకా ఉంటాను" అనేవారు. మొదట్లో శుక్రవారమే. తర్వాత బుధవారం కలిసింది. ఆ తర్వాత ఏ రోజు ఏ భారమో మాకు తెలిసేది కాదు.

ఆ భారాలు ఎక్కించిందీ మేమే. "మా వాడికి పరీక్షలండి, వాడి కోసం ఉండండి" అని ఒకామె. "మా ఆయన తాగుడు మానాలి, మీరు ఉంటే దేవుడు వింటాడు" అని ఇంకొకామె. "నాకు షుగరు టీచరుగారూ, నా బదులు కూడా మీరే ఉండేయండి" అని మా వీధి చివరామె. ఎవరినీ కాదనేవారు కాదు. ఎవరైనా ఉపవాసం అడిగితే ఆవిడకి చీర పెట్టినంత సంతోషం. మా బదులు ఆకలితో ఉండే మనిషి దొరికింది కదా అని మాకూ హాయిగానే ఉండేది.

అన్నిటికంటే పెద్ద భారం సారమ్మగారిది. సారమ్మగారు మా ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆవిడ కూతురికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే సారమ్మగారు వచ్చి టీచరుగారి రెండు చేతులూ పట్టుకుని, కాన్పు అయ్యేదాకా నువ్వు ఉపవాసం ఉండాలమ్మా అన్నారు. టీచరుగారు అందరి ముందూ మాట ఇచ్చారు. పగలు ఏమీ ముట్టను, శుక్రవారం మంచినీళ్ళు కూడా తాగను అని.

ఆ మాట ఇచ్చిన కొన్నాళ్ళకే ఒక శుక్రవారం చర్చిలో, ప్రార్థన చెయ్యడానికి లేచి, "ప్రభువా" అని, నిట్టనిలువునా పడిపోయారు.

ఎవరూ లేపలేదండి. ఆత్మ దిగింది అనుకున్నారు. మా దగ్గర ప్రార్థనలో అలా పడిపోయేవాళ్ళు ఉంటారు, ముట్టుకోకూడదంటారు. సారమ్మగారు పాట ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లు కొడుతూ ఆవిడ చుట్టూ నిలబడ్డారు. నేను చాప చివర కూర్చున్నాను. ఆవిడ పాదం నా మోకాలికి తగిలింది. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

"సారమ్మగారూ, పాట ఆపండి. కాళ్ళు చల్లబడ్డాయి."

"ముట్టుకోకు దీవెనా!"

"మీరు పాడుకోండి, నేను ఆటో పిలుస్తాను."

ఎత్తితే బరువే లేరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతప్పుడు ఇంతకంటే బరువుండేది. బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళేదాకా ఆవిడ ముక్కు దగ్గర నా చెయ్యి తియ్యలేదు.

అక్కడ ఆస్పత్రిలో, గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించిందన్నారు. ఒంట్లో ఉండాల్సిన ఉప్పులు పడిపోయాయన్నారు. ఎక్కించాల్సినవి ఎక్కించి, కళ్ళు తెరిచాక, పై అంతస్తులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చక్రాల కుర్చీ నేను తోశాను. తమ్ముడుగారు కాకినాడ నుంచి కాజాల పెట్టెతో వచ్చారు. ఆ గది బయట బోర్డు చదివి ఆయన ముఖం మాడిపోయింది.

"అక్కా, ఇది మనసు డాక్టరు గది. ఊళ్ళో మాత్రం గుండె డాక్టరని చెప్దాం."

డాక్టరమ్మ చిన్నావిడే. కోప్పడలేదు. ముందు కాజాల పెట్టె అక్కణ్ణుంచి తీయించేశారు. "చాలాకాలం తినని ఒంటికి ఒక్కసారిగా పెడితే ప్రాణం మీదకొస్తుందండి. ఇక్కడే ఉంచుకుని, రక్తపరీక్షలు చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుతాం" అన్నారు. తర్వాత టీచరుగారి వైపు తిరిగారు.

"ఎందుకు తినట్లేదమ్మా?"

"ఉపవాసం అండి."

"ఎప్పుడు విడుస్తారు?"

నేను టీచరుగారి కుర్చీ వెనకాల నిలబడ్డాను. ఆవిడ వేళ్ళు మణికట్టు చుట్టూ చేరాయి.

"ఏ ఉపవాసానికైనా విడిచే పూట ఉంటుంది కదమ్మా. మీదానికి లేదు."

టీచరుగారు, "విడవాలంటే భయమండి" అన్నారు. నేను ఎప్పుడూ వినని గొంతు అది. "ముద్ద నోటి దగ్గరకొస్తే గోదారి గట్టు తెగి మీద పడుతున్నట్టుంటుంది. ఒక్క ముద్ద తింటే ఇక ఆగనేమో, ఒళ్ళంతా పొంగిపోతుందేమో అని బుర్రలో ఒకటే గోల. ఉపవాసం అంటే ఆ గోల ఆగుతుంది. అందరూ మెచ్చుకుంటారు కూడా."

అప్పుడు డాక్టరమ్మ చెప్పారు, ఇది జబ్బని, ఆడపిల్లలకే కాదు ఏ వయసులోనైనా వస్తుందని. వైద్యం అంటే ముందు అన్నం, తర్వాత వారం వారం వచ్చి మాట్లాడటం, వాటితో పాటు ఒక మాత్ర.

"ఈ మాత్ర ఒక్కటే మిమ్మల్ని బాగుచెయ్యదు. ఆ గోల కొంచెం తగ్గిస్తుంది, కంచం ముందు కూర్చోగలిగేంత. తినాల్సింది మీరే."

"ఇది వేసుకుంటే లావవుతానా?"

"ఆకలి తెలుస్తుంది, బరువు పెరగొచ్చు. మొదట్లో మత్తుగా ఉంటుంది. అబద్ధం చెప్పను. మీ గుండెకి ఇప్పుడు బరువు కావాలి."

టీచరుగారి కళ్ళల్లో భయం ఎంత ఉందంటే, పాముని చూసినా అంత ఉండదు. తెల్లటి చిన్న మాత్ర, మొదట సగమే.

ఇంటికి పంపేటప్పుడు, పూటపూటా ఎవరు దగ్గర కూర్చుంటారని అడిగారు డాక్టరమ్మ. తమ్ముడుగారు గోడ కేసి చూశారు. నేను కూర్చుంటానండి అన్నాను. తినేదాకా లేవకూడదు, తిట్టకూడదు, బతిమాలకూడదు, బరువు మాట ఎత్తకూడదు, మాత్ర నా చేతులతో ఇవ్వాలి అని చెప్పారు. పొద్దున ఆవిడకి పెట్టి బడికి వెళ్ళేదాన్ని, మధ్యాహ్నం పిల్లలకి వడ్డించి పరిగెత్తుకొచ్చేదాన్ని, పొద్దుగూకాక మళ్ళీ వెళ్ళేదాన్ని.

అన్నం ముందు కూర్చోవడం ఇంత భయంకరంగా ఉంటుందని నాకు తెలియదండి. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఉండేవారు. నుదుటి మీద చెమట పట్టేది. మెతుకు మెతుకు విడదీసేవారు. నేను ఏదో ఒకటి మాట్లాడేదాన్ని, రావులపాలెంలో అరటి గెలల బేరాల గురించి, మా ఆడపడుచు నోరు గురించి. వింటూ వింటూ ఒక ముద్ద వేసుకునేవారు. వేసుకుని నన్ను ద్వేషంగా చూసేవారు. ఆ చూపు ఆవిడది కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని.

మాత్ర ఇస్తే మంచినీళ్ళతో మింగి గ్లాసు నా చేతికి ఇచ్చేవారు. ఒకరోజు గ్లాసు కడగబోతే అడుగున మాత్ర అంటుకుని ఉంది.

గ్లాసు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. "నోరు తెరవండి టీచరుగారూ."

"నన్ను అనుమానిస్తున్నావా?"

"నేను కాదండి, గ్లాసు అనుమానిస్తోంది."

"నేనేమైనా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లయితే ఈపాటికి ఒకటి వేసేదాన్నండి."

నవ్వు రాలేదు ఆవిడకి. "ఇది మింగితే నేను నేనులా ఉండను దీవెనా. పొద్దున్నే ప్రార్థనకి కూడా మెలకువ రావట్లేదు" అన్నారు.

"ఇప్పుడు మాత్రం మీరెక్కడున్నారండి? ఎముకలున్నాయి."

అనేశాను. అనకూడదు. ఆవిడ చెయ్యి చాపి ఇంకో మాత్ర తీసుకుని మింగి, నోరు తెరిచి, నాలిక పైకెత్తి చూపించారు. బడిలో పిల్లలు గోళ్ళు చూపిస్తారే, అలాగ.

ఆ వారం డాక్టరమ్మకి ఈ సంగతి నేనే చెప్పాను. టీచరుగారికి కోపం వచ్చింది. డాక్టరమ్మ మాత్రం తిట్టకుండా, ఏం భయమేసిందని అడిగి, మత్తు పొద్దుటికల్లా దిగేలా మాత్ర వేసుకునే వేళ సాయంత్రానికి జరిపారు. ఆ తర్వాత కొన్ని వారాలకి ఒక సాయంత్రం, కంచం ముందు కూర్చుని టీచరుగారు తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు, "ఈ బుర్రలో రేడియో ఆగలేదు గాని, మధ్యలో తలుపు వేసినట్టుంది." ఆ పూట కంచంలో పెట్టిందంతా తిన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అప్పుడు వచ్చారు సారమ్మగారు. చేతిలో ప్రార్థించిన నూనె సీసా.

"టీచరమ్మా, నీకు ఆ మందులెందుకమ్మా? అందరికీ స్వస్థత అడిగేదానివి నువ్వే మాత్రలు మింగితే ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారు? ఆదివారం సాక్ష్యం చెప్పు. ఆ మాత్రలు తెచ్చి బల్ల మీద పెట్టెయ్."

మా చర్చిలో అదొక ఆనవాయితీ. జబ్బు నయమైందని నమ్మినవాళ్ళు కళ్ళజోడో, చేతికర్రో, బీపీ మాత్రలో తెచ్చి ముందున్న బల్ల మీద పెట్టి సాక్ష్యం చెప్తారు. అందరూ హల్లెలూయ అంటారు. తర్వాత నెమ్మదిగా కొవ్వూరు వెళ్ళి మళ్ళీ కొనుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు రాయను.

"డాక్టరుగారు ఆపమనేదాకా ఆపనండి సారమ్మగారూ" అన్నారు టీచరుగారు, నెమ్మదిగా.

సారమ్మగారు నూనె సీసా కింద పెట్టేశారు. పెద్దావిడ, గుమ్మంలోనే కూలబడ్డారు.

"నా కూతురికి మళ్ళీ రక్తం కనబడింది. మంచం దిగొద్దన్నారు. నువ్వు తినడం మొదలుపెట్టిన తర్వాతే. నేను నిన్నేమీ అనట్లేదమ్మా. చెప్తున్నాను, అంతే."

చెప్పి వెళ్ళిపోయారు. ఆవిడ చెడ్డావిడ కాదండి. కూతురి కోసం భయపడిపోయిన తల్లి. కానీ ఆ మాట ఇంట్లో ఉండిపోయింది.

ఆ సాయంత్రం టీచరుగారు ముద్ద ముట్టలేదు. అన్నం తిన్నాక వేసుకునే మాత్ర కాబట్టి అది కూడా వేసుకోలేదు. మర్నాడూ అంతే. స్వెట్టరు మళ్ళీ తొడుక్కున్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రేపటికి తినకపోతే తీసుకొచ్చెయ్యండి అన్నారు. ఆ రేపు శుక్రవారం. పొద్దున్నే వెళ్తే టీచరుగారు తెల్ల చీర కట్టుకుని తయారుగా ఉన్నారు.

"బాక్సు కట్టు దీవెనా."

"తింటారా?"

"కట్టు."

అన్నం, ముద్దపప్పు, కొంచెం మాగాయ, నెయ్యి. చర్చి దాకా బాక్సు నేనే మోశాను. పారెయ్యడానికి కట్టించారో, ఎవరికైనా ఇవ్వడానికో తెలియదు.

చాపల మీద అందరూ ఉన్నారు. టీచరుగారు లోపలికి రాగానే సారమ్మగారి కళ్ళు మెరిశాయి. లేచి నిలబడి, "మన టీచరమ్మ మళ్ళీ వచ్చింది. నా కూతురి కోసం ఈ రోజు ఉపవాసంతో ప్రార్థన చేస్తుంది" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

టీచరుగారు కూర్చున్నారు. నా చేతిలోంచి బాక్సు తీసుకున్నారు. మూత బిగుసుకుపోయింది, వేళ్ళకి బలం లేదు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. మూత వచ్చేసరికి మాగాయ వాసన చర్చి అంతా కొట్టింది. శుక్రవారం పూట, ఉపవాస ప్రార్థనలో! ఎవరో "అయ్యో" అన్నారు. ఒకామె పిల్ల నోరు మూసింది.

"సారమ్మగారూ," అన్నారు టీచరుగారు. "మీ అమ్మాయి కోసమే వచ్చాను. నాకు ఉపవాసం చాలా తేలికండి. నేను ఇన్నాళ్ళూ దేవుడికి తేలికైనదే ఇచ్చాను. నాకు కష్టమైంది ఇది. ఈ రోజు మీ అమ్మాయి పేరున ఇది ఇస్తాను. మీరు ప్రార్థన చెయ్యండి, నేను తింటాను."

ముద్ద కలిపారు. అందరి ముందూ నోట్లో పెట్టుకున్నారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, దవడలు కదులుతున్నాయి. ఎవరూ పాట ఎత్తలేదు. నమిలే చప్పుడు వినబడుతోంది. సారమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. టీచరుగారు ఆగలేదు. బాక్సులో సగం తిన్నారు. చాలాసేపు పట్టింది. చివరికి మా వీధి చివర షుగరామె గొంతు సవరించుకుని, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టింది. మేమంతా అందుకున్నాం.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత వచ్చిన వారంలోనే. పొద్దుగూకాక టీచరుగారికి కంచం పెట్టాను, సొరకాయ పాలు పోసిన కూర. అప్పుడే సారమ్మగారి పక్కింటామె గేటు దగ్గరకొచ్చి నిలబడింది.

"పోయిందండి. కూతుర్ని ఇందాకే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. సారమ్మగారు మీ పేరు తీసే ఏడుస్తున్నారు. నేను చెప్పానని అనకండి." అని వెళ్ళిపోయింది.

ఇంక టీచరుగారు తినరు అనుకున్నాను. ఇంక ఎప్పటికీ తినరు. ఈసారి పడిపోతే లేవరని డాక్టరమ్మ చెప్పే ఉన్నారు. తిట్టకూడదు, బతిమాలకూడదు. నేను అక్కడే కూర్చున్నాను. అన్నం మీద ఆవిరి పోయింది. టీచరుగారి వేళ్ళు మణికట్టు దగ్గరికి వెళ్ళాయి. ఇప్పుడు అవి కలవట్లేదు. మళ్ళీ మళ్ళీ కలపడానికి చూస్తున్నారు.

"నేను తిన్నందుకే పోయిందంటావా?"

"నాకేం తెలుసండి. నాకు పప్పు వండటం తెలుసు."

టీచరుగారు అన్నారు, "ముందు రెండుసార్లు పోయినప్పుడు నేను పస్తుతోనే ఉన్నాను దీవెనా. వాళ్ళు అడక్కపోయినా ఆ పిల్ల కోసమే ఉన్నాను. అప్పుడు నన్నెవరూ ఏమీ అనలేదు."

"అవునండి."

"అది తెలుసు నాకు. తెలిసినా లోపల గోల ఆగట్లేదు. తినకు, తినకు అంటోంది. ఆ తలుపు తీసేసింది." కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచారు. "మాత్ర ఇటు ఇవ్వు."

ఆవిడ నోటితో ఆవిడ మాత్ర అడగడం అదే మొదలు.

"అన్నం తిన్నాక కదండి" అన్నాను. అనేసి నాలిక కరుచుకున్నాను.

"తెలుసు. నా ముందు పెట్టు. దాన్ని చూస్తూ తింటాను."

కంచం పక్కన, స్టీలు మూత మీద మాత్ర పెట్టాను. చల్లారిన అన్నం కలుపుకున్నారు. ఒక్కో ముద్దకి ఆగి, మాత్ర వైపు చూసి, మళ్ళీ కలుపుకున్నారు. నేను రావులపాలెం కబుర్లు చెప్పలేదు. కంచం అయ్యాక మాత్ర మింగారు. నేను అడక్కుండానే నాలిక ఎత్తి చూపించారు. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, అదే బాక్సులో ఇంత అన్నం, సొరకాయ కూర పెట్టారు.

"ఎక్కడికండి? మాత్ర పడింది, మత్తు వస్తుంది."

"వస్తే రానీ. నువ్వున్నావుగా, పట్టుకో."

సారమ్మగారి ఇంట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉన్నారు. మమ్మల్ని చూసి అందరూ సర్దుకుని దారి ఇచ్చారు, ఎవరూ రండి అనలేదు. కూతురు లోపల పడుకుని ఉంది. సారమ్మగారు గోడకి చేరబడి ఉన్నారు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని ఎవరో అన్నారు. టీచరుగారు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. బాక్సు తీసి ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టారు. సారమ్మగారు చెయ్యి విసిరికొట్టారు. మెతుకులు టీచరుగారి తెల్ల చీర నిండా పడ్డాయి. నేను లేవబోయాను. టీచరుగారు కదల్లేదు. ఇంకో ముద్ద కలిపారు.

"ఎందుకొచ్చావ్?" అన్నారు సారమ్మగారు. "నాకు సయించదు. గొంతు దిగదు."

"దిగదండి. నాకు తెలుసు. గొంతు దిగనప్పుడు ఎలా తినాలో ఈ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. ఒక్క ముద్ద. తిన్నాక నన్ను తిడుదురుగాని."

చెయ్యి అలాగే పట్టుకున్నారు. మాత్ర మత్తుకి కళ్ళు వాలిపోతున్నాయి, చెయ్యి మాత్రం దించలేదు. ఎంతసేపో నేను చెప్పలేను. సారమ్మగారు ఆ చెయ్యి కేసి చూసి, చూసి, నోరు తెరిచారు.

ఆ తర్వాత టీచరుగారు కొన్నేళ్ళు ఉన్నారు. మధ్యలో ఒకసారి మళ్ళీ బరువు తగ్గిపోయి ఆస్పత్రిలో ఉన్నారు, మళ్ళీ లేచారు. మాత్ర డాక్టరమ్మే తగ్గించి తగ్గించి ఆపారు, ఆవిడంతట ఆవిడ ఆపలేదు. పాత రోజుల పస్తులకి గుండె పలచబడిపోయిందని అందరం వింటూనే ఉన్నాం, చివరికి అదే తీసుకెళ్ళింది. పోయేముందు పూట ఇడ్లీ తిన్నారు, చట్నీలో ఉప్పు ఎక్కువైందని నన్ను కసిరారు.

పాస్టరుగారూ, ఇది పత్రికలో వేస్తే వెయ్యండి, ఉపవాసాల దగ్గర కత్తిరించి మాత్రం వెయ్యొద్దు. చదివిన అక్కలకీ అమ్మలకీ నా దణ్ణం. మాట ముందువెనకలైనా, అక్షరం వంకరపోయినా, చెప్పకూడనిది చెప్పేశానని అనిపించినా, గరిటె పట్టే చెయ్యి కలం పట్టిందని సరిపెట్టుకుని నన్ను మన్నించండి.